డైమండ్ కట్ అల్లాయ్ వీల్స్ మీద తెల్ల మచ్చలు – ఎలా పోతాయి? ఇకమీదట ఎలా కడగాలి?

ఖమ్మం మాస్టారు:

అందరికీ నమస్కారం. నిరుడు సెకండ్‌హ్యాండ్‌లో 2021 మోడల్ కారు తీసుకున్నాను. మా ఇంట్లో ఇదే మొదటి కారు. 16 అంగుళాల డైమండ్ కట్ అల్లాయ్ వీల్స్ ఉన్నాయి. పైముఖం వెండిలా మెరుస్తుంది, గుంటల్లో నల్ల రంగు. ఆ చక్రాలు చూసే మా అమ్మాయి ఈ బండే కావాలని పట్టుబట్టింది.

పోయిన ఆదివారం పెళ్లికి వెళ్లి వస్తూ దారిలో ఒక వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో కడగమని ఇచ్చాను. అక్కడి కుర్రాడు లేబుల్ లేని స్ప్రే సీసాతో నాలుగు చక్రాల మీద ఏదో కొట్టాడు. తెల్లటి నురగ వచ్చింది, ఘాటుకి నా ముక్కు మండింది. బండి అప్పటికి 60 కిలోమీటర్లు నడిచి ఉంది, చక్రాలు వేడిగా ఉన్నాయి. అతను బాడీ మొత్తానికి ఫోమ్ కొట్టి, ఆ తర్వాత చక్రాల మీద నీళ్లు పోశాడు. ఎంత లేదన్నా పది నిమిషాలు అయి ఉంటుంది. అప్పటికి తళతళలాడాయి. మర్నాడు పొద్దున ఎండలో చూస్తే పాలు ఒలికి ఎండినట్టు తెల్ల చారలు, మచ్చలు. తడిగుడ్డతో తుడిచాను, షాంపూతో కడిగాను. పోవడం లేదు.

రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దమంటారా? అసలు ఇవి పోయే మచ్చలేనా? ఇకనుంచి ఇంట్లోనే కడుక్కుందామనుకుంటున్నాను. మాకు బోరు నీళ్లే. ఎలా కడగాలో కూడా తెలిసినవాళ్లు చెప్పండి. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

గుంటూరు రైడర్:

బ్రదర్, టూత్‌పేస్ట్ పెట్టి పాత బ్రష్‌తో గట్టిగా రుద్దండి. నా బైక్ సైలెన్సర్‌కి అలాగే చేశాను, అద్దంలా వచ్చింది.

ఆటోనగర్ వీల్స్:

మాస్టారూ, ముందు రుద్దడం ఆపండి. టూత్‌పేస్ట్ వద్దు, కాంపౌండ్ కూడా ఇప్పుడే వద్దు. సైలెన్సర్ మీద ఉండేది క్రోమ్ పూత, అది గట్టిది. మీ చక్రం మీద ఉండేది లక్క లాంటి పారదర్శక పొర. రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పదమూడేళ్లుగా అల్లాయ్ వీల్స్ రిపేరు, పెయింటింగ్ చేస్తున్నాను. రోడ్డు గుంటల్లో దెబ్బతిని వచ్చే చక్రాలు ఎన్నో, కడగడంలో పాడై వచ్చేవీ అన్ని ఉంటాయి. గుంటలో పడితే ఎవరం ఏం చేయలేం. కడిగి పాడుచేసుకున్నవి చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

డైమండ్ కట్ అంటే ముందు చక్రానికి మొత్తం రంగు వేస్తారు. తర్వాత లేత్ మిషన్ మీద ఎక్కించి పైముఖాన్ని సన్నగా చెక్కుతారు. మొబైల్ టార్చ్ పక్కనుంచి వేసి చూడండి, పాత గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు సన్నటి గీతలు వలయాలుగా కనిపిస్తాయి. వేలితో తడిమితే మాత్రం తగలవు. పైన క్లియర్ కోట్, అంటే నేను చెప్పిన ఆ పారదర్శక లక్క పొర ఉంటుంది కాబట్టి. ఆ పొర కాగితమంత మందం కూడా ఉండదు. దాని కింద ఉన్నది పచ్చి అల్యూమినియం, ప్రైమరు కూడా ఉండదు. మీరు కాపాడుకోవాల్సింది ఆ పొరనే. అది ఉన్నంత కాలమే మెరుపు.

మీ చక్రాల మీద కొట్టింది దాదాపుగా యాసిడ్ కలిపిన క్లీనరే. ఘాటు, నురగ, నిమిషంలో తళతళ, ఇవన్నీ దాని గుర్తులే. చల్లటి చక్రం మీద కొట్టి అర నిమిషంలో కడిగేస్తే చాలాసార్లు బయటపడతాం. వేడి చక్రం మీద అది ఎండిపోతుంది. నీరు ఆవిరై యాసిడ్ చిక్కబడి, క్లియర్ కోట్‌ని తినేస్తుంది. ఎక్కడైనా రాయి తగిలి చిన్న పగులు ఉంటే అందులోంచి అల్యూమినియం దాకా దిగుతుంది.

ఇంకో మాట. యాసిడ్ ఒక్కటే చెడ్డదని అనుకోకండి. అల్యూమినియం తన మీద తనే ఒక పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య ఉన్నంతవరకు అది నిలుస్తుంది. అంతకన్నా పులుపు ఎక్కువైనా కరుగుతుంది, కాస్టిక్ సోడా లాంటి గాఢమైన క్షారం తగిలినా కరుగుతుంది. ఇది నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక కస్టమర్ సొమ్ము మీద తెలుసుకున్నాను. ఆయనవి లక్క లేని, పాలిష్ పెట్టిన చక్రాలు. బ్రేక్ మసి వదలడం లేదని ఇంజిన్ జిడ్డు తీసే కాస్టిక్ నీళ్లు కొట్టాను. రెండు నిమిషాల్లో నాలుగూ బూడిద రంగుకి తిరిగాయి. చేత్తో తుడిస్తే నల్లగా అంటుకుంది. మా మేస్త్రి, నేను రెండు రోజులు బఫింగ్ పట్టి మళ్లీ తెచ్చాం. జరిగింది ఆయనకి చెప్పి, డబ్బులు తీసుకోలేదు. అప్పటినుంచి పేరు తెలియని సీసా మా షాపులోకి రానివ్వను.

ఇప్పుడు మీ మచ్చల సంగతి. చల్లటి చక్రాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. మచ్చ మీద రెండు చుక్కల నీళ్లు వేలితో రాసి చూడండి. తడి ఉన్నంతసేపు మచ్చ మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే దెబ్బ క్లియర్ కోట్ పైభాగానికే తగిలింది. నీళ్లు ఆ గరుకుని నింపడం వల్ల కనిపించకుండా పోతుంది. అలాంటిదైతే సన్న రకం ఫినిషింగ్ పాలిష్‌తో, మెత్తటి స్పాంజితో, మెషిన్ లేకుండా చేత్తో తేలిగ్గా చేస్తే చాలావరకు తగ్గుతుంది. రబ్బింగ్ కాంపౌండ్ దీనికి ముతక. తడిపినా మచ్చ అలాగే కనిపిస్తే, ముఖ్యంగా వానపాము పాకినట్టు సన్నటి తెల్ల గీత ఉంటే, అది పొర కింద మొదలైన తుప్పు. దాన్ని పైనుంచి ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. పొర తీసేసి మళ్లీ లేత్ పట్టాల్సిందే. ఒక చక్రాన్ని ఒకటి రెండు సార్లకి మించి అలా చెక్కించవద్దు. ప్రతిసారీ కొంత లోహం పోతుంది.

తడి పరీక్ష చేసి ఏ చక్రం ఎలా ఉందో చెప్పండి. ఇంట్లో కడిగే పద్ధతి సాయంత్రం పని అయ్యాక రాస్తాను.

వైజాగ్ బీచ్‌రోడ్:

ఆటోనగర్ గారూ, మాస్టారి ప్రశ్న మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఉప్పుగాలి. మూడేళ్ల కారుకి రిమ్ అంచుల్లో మీరు చెప్పిన వానపాము గీతలే వచ్చాయి. మేం యాసిడ్ ఎప్పుడూ వాడలేదు. ఇంకో సందేహం, దసరాకి మావారు చక్రాలకి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తారు. మా తమ్ముడి కారుకి మ్యాట్ నలుపు చక్రాలు, కుంకుమ మరక ఇప్పటికీ పోలేదు. పూజ మానలేం కదా, ఏం చేయాలి?

ఆటోనగర్ వీల్స్:

అమ్మా, పూజ ఎందుకు మానాలి? నేనూ మా లేత్ మిషన్‌కి ఏటా చేస్తాను. బొట్టు రిమ్ మీద కాకుండా టైరు రబ్బరు మీద పెట్టండి. రిమ్‌కే పెట్టాలనుకుంటే సాయంత్రానికల్లా నీళ్లు పోసి కడిగేయండి. మ్యాట్ ఫినిష్ గరుకుగా ఉంటుంది, రంగు అందులో దిగబడిపోతుంది. దానికి పాలిష్ కూడా పెట్టకూడదు, పెడితే అక్కడక్కడ మెరుపు తేలి ఇంకా వికారంగా కనిపిస్తుంది. నిమ్మకాయలు టైరు కిందే నలుగుతాయి కానీ రసం రిమ్ మీద చిందుతుంది. కొబ్బరి నీళ్లూ అంతే. ఒక మగ్గు మంచినీళ్లు పోస్తే చాలు.

మీ గీతలకి కారణం ఉప్పే. రాయి తగిలిన చోటో, ఫుట్‌పాత్ అంచు గీసుకున్న చోటో పొర లేస్తుంది, అక్కడినుంచి ఉప్పు తేమ లోపలికి పాకుతుంది. వారానికోసారి ఉత్త నీళ్లతోనైనా చక్రం లోపలి వైపు కూడా తడిసేలా కడగండి. కొత్త గీత కనిపిస్తే ఆరబెట్టి వెంటనే క్లియర్ లక్క చుక్క అద్దించండి.

మాస్టారూ, ఇక కడిగే పద్ధతి. బండి ఆపి అరగంట పైనే ఆగండి. చక్రం మీద చెయ్యి పెడితే చల్లగా తగలాలి. ఎండలో వద్దు. బాడీ కన్నా ముందు చక్రాలే కడగాలి, లేకపోతే వాటి మురికి తుడిచిన బాడీ మీద చిందుతుంది. చక్రాలకి బకెట్ వేరు, గుడ్డ వేరు. ఈ ఒక్క విషయంలో బద్ధకించకండి. చక్రం మీద ఉండే నల్లటి పొడి ఉత్త మట్టి కాదు, బ్రేక్ డిస్క్ నుంచి, ప్యాడ్ల నుంచి రాలిన ఇనుప రజను. పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితం పెట్టి గీసినట్టే. ముందు ధారగా నీళ్లు కొట్టి వదులైనదంతా పోనివ్వండి. ప్రెషర్ గన్ అయితే అడుగు దూరం తగ్గకూడదు. పొర లేచిన చోటికి అసలు గురిపెట్టకూడదు.

తర్వాత కార్ షాంపూ నీళ్లు, మెత్తటి బ్రష్. చక్రం స్పోక్స్ మధ్యకి వెళ్లే బ్రష్ కొనేటప్పుడు దాని మధ్య తీగ బయటికి తేలి ఉందేమో వేలితో తడిమి చూసుకోండి. సర్ఫు వద్దు, గిన్నెల సబ్బు వద్దు, స్టీలు పీచు మాట తలుచుకోవద్దు. ఒక్కో చక్రం పూర్తి చేసి, కడిగి, ఇంకోదానికి వెళ్లాలి.

షాంపూకి వదలని నారింజ రంగు చుక్కలు ఉంటే అవి అతుక్కుపోయిన ఇనుము. వాటికి యాసిడ్ లేని, పీహెచ్ న్యూట్రల్ ఐరన్ రిమూవర్ దొరుకుతుంది. కొట్టిన నిమిషంలో ఊదా రంగు ధారలు కారతాయి, కంగారుపడకండి, ఇనుముతో కలిసి రంగు మారుతుందంతే. అందులో ఉండేది థయోగ్లైకొలేట్, బ్యూటీపార్లర్‌లో జుట్టు రింగులు తిప్పే మందులో ఉండేదే. వాసనా అలాగే ఉంటుంది. రెండు మూడు నిమిషాలు ఉంచి, ఎండకముందే కడిగేయాలి. మూడు నెలలకోసారి చాలు. లక్క లేని పాలిష్ చక్రాలకైతే ముందు ఒక మూల వేసి చూసుకోవాలి.

బోరు నీళ్లు ఆరితే సున్నపు మచ్చలు కడతాయి. కాబట్టి ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టి చివర్లో అవి పోయండి, వాటిలో ఉప్పులు దాదాపు ఉండవు. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం వాడకండి, ఉప్పులన్నీ వాటిలోకే వస్తాయి. చక్రం లోపలి వైపు కూడా కడగాలి. వరి పొలాల దారిలో వెళ్లొచ్చాక బురద లోపల ఒకవైపు ఎండి, 80 దాటితే స్టీరింగ్ వణుకుతోందని బ్యాలెన్సింగ్‌కి వచ్చినవాళ్లు ఎంతమందో. అంతా అయ్యాక కాస్త దూరం బండి నడిపి మెల్లగా రెండు మూడు సార్లు బ్రేకు తొక్కండి, డిస్క్ మీద తడి ఆరిపోతుంది.

ఒక మాట అడుగుతాను. ఆ కుర్రాడు చేతికి గ్లవ్స్ వేసుకున్నాడా? అల్లాయ్ మెరిపించే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత లోపల ఎముక దాకా నొప్పి పెడుతుంది, ఒంట్లో కాల్షియాన్ని లాగేస్తుంది. చక్రం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. మీరు మాస్టారు కాబట్టి మీ మాట వింటారు, వీలైతే ఒకసారి వెళ్లి చెప్పి రండి.

ఖమ్మం మాస్టారు:

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి అన్నా. తడి పరీక్ష చేశాను. మూడు చక్రాల మీద తడపగానే మచ్చ మాయమైంది. ఫినిషింగ్ పాలిష్ తెప్పించి నిన్న మా అమ్మాయి, నేను కూర్చుని చేత్తో చేశాం. ఒక్కో చక్రానికి ముప్పావుగంట పట్టింది. రెండింట్లో అసలు కనిపించడం లేదు, మూడోదాంట్లో పక్కనుంచి వెలుతురు పడితే లీలగా తెలుస్తోంది. ఎడమ ముందు చక్రంలో మాత్రం అంచున గీసుకున్న చోటినుంచి అంగుళం పొడవు తెల్ల గీత, తడిపినా పోలేదు. వచ్చే శనివారం విజయవాడ వస్తాను.

ఆ సెంటర్‌కి కూడా వెళ్లాను. కుర్రాడికి గ్లవ్స్ లేవు, వేళ్ల చివర చర్మం తెల్లగా పొరలు లేచి ఉంది. ఇంటర్ మధ్యలో ఆపేశాడట. యజమానికి మీరు రాసినదంతా చదివి వినిపించాను. రబ్బరు గ్లవ్స్ నేనే రెండు జతలు కొనిచ్చి వచ్చాను. సీసాలో ఏముందో ఆయనకీ తెలియదు, క్యాన్ అమ్మినవాడిని అడుగుతానన్నాడు.

ఆటోనగర్ వీల్స్:

గ్లవ్స్ ఇచ్చి మంచి పని చేశారు మాస్టారూ. చర్మం అలా ఉందంటే అబ్బాయిని ఒకసారి డాక్టర్‌కి చూపించమనండి, ఏ మందు వాడాడో క్యాన్ ఫోటో తీసుకెళ్లమనండి.

శనివారం రండి. ఆ ఒక్క చక్రమే చేద్దాం, మిగతా మూడూ కదపొద్దు. ఈలోగా పంక్చర్‌కి ఎక్కడైనా టైరు తీయించాల్సి వస్తే, మిషన్ గోరుకి ప్లాస్టిక్ తొడుగు వేసి తీయమని దగ్గరుండి చెప్పండి.