పాత పర్షియన్ చిత్రాలు చూసి అప్పట్లో ఎలా కట్టేవాళ్ళో చెప్పొచ్చా?

ఇటుకమట్టి:
15వ శతాబ్దంలో ఇరాన్, మధ్య ఆసియా ప్రాంతాల్లో కట్టుబడి పని ఎలా సాగేదో ఒక సెమినార్ పేపర్ రాస్తున్నాను. పర్షియన్ చిత్రకారుడు బెహ్‌జాద్ వేసిన ఖవర్నక్ కోట చిత్రాన్ని ముఖ్య ఆధారంగా పెట్టుకున్నా. 1494 ప్రాంతంలో హెరాత్‌లో (ఇప్పటి అఫ్గానిస్తాన్) వేసింది, పర్షియన్ కవి నిజామీ కావ్యాల ప్రతిలో ఉంటుంది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పరంజా, నిచ్చెన, సున్నం కలిపేవాళ్ళు, ఇటుకలు అందించేవాళ్ళు, ఒక సైటు మొత్తం ఒకే పేజీలో కనిపిస్తుంది. మా గైడ్ మాత్రం ఒప్పుకోవట్లేదు. ఖవర్నక్ అనేది ఇస్లాంకి ముందు కాలంలో ఇప్పటి ఇరాక్‌లోని హీరా దగ్గర కట్టిన కోట, దాన్ని సుమారు వెయ్యేళ్ళ తర్వాత ఒక చిత్రకారుడు ఊహించి వేస్తే అది ఆధారం ఎలా అవుతుంది అంటున్నారు. ఆయన మాటలో నిజం ఉంది, కానీ ఆ బొమ్మని వదిలేయడానికి మనసు రావట్లేదు. ఏం చేయమంటారు?

పరంజాబొంగు:
వదలకండి. మీ గైడ్ గారు చెప్పింది ఖవర్నక్ గురించి రాసేవాళ్ళకి వర్తిస్తుంది, మీరు రాసేది ఖవర్నక్ గురించి కాదు కదా. బెహ్‌జాద్ ఆ పాత కోటని చూడలేదు, చూసే వీలూ లేదు, కాబట్టి తన ఊళ్ళో రోజూ కళ్ళముందు జరిగే పనినే వేశాడు. అప్పటి హెరాత్ అంటే సుల్తాన్ హుసేన్ బాయ్‌ఖరా రాజధాని, మదరసాలు, తోటలు, భవనాలు కడుతూనే ఉన్న ఊరు. కథ పాతది, కూలీలు మాత్రం 1490ల వాళ్ళు.

బొమ్మని దగ్గరగా చూడండి. పరంజాకి వాడినవి సన్నటి బొంగులు, కలిసిన చోటల్లా తాడుతో కట్టారు. పెద్ద దూలాలు లేవు. కలప తక్కువగా దొరికే పొడి ప్రాంతంలో మళ్ళీ విప్పి వాడుకునే పరంజా అలాగే ఉంటుంది. ఒకడు ఇటుకని బాడిసతో చెక్కుతున్నాడు, అంటే ఇటుకని సైటు మీదే కావలసిన సైజుకి మలుచుకునేవాళ్ళన్నమాట. కథకి ఈ వివరాలేవీ అక్కర్లేదు, అందుకే నాకు వాటిమీద నమ్మకం ఎక్కువ. రాజు ఎంత గొప్పవాడో చూపించడానికి చిత్రకారుడు అతిశయోక్తి వాడతాడు గానీ, ముడి ఎలా వేశారన్న దాంట్లో అబద్ధం చెప్పడానికి అతనికి ఏ కారణమూ లేదు.

నీలిపలక:
పరంజాబొంగు గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక హెచ్చరిక మాత్రం. ఆ బొమ్మల నుంచి కొలతలు తీయొద్దు. పర్షియన్ చిత్రాల్లో నేల పైనుంచి చూసినట్టు, గోడ ఎదురుగా చూసినట్టు ఒకే పేజీలో పక్కపక్కనే ఉంటాయి, మనిషికీ తలుపుకీ ఉన్న నిష్పత్తి కూడా పేజీలో చోటుని బట్టి మారుతుంది. గోడ మందం ఇంత, కమాను ఎత్తు ఇంత అని రాస్తే మీ గైడ్ అక్కడే పట్టుకుంటారు.

ఇంకోటి, ఈ బొమ్మలు వేసే కార్ఖానాల్లో ఒక బొమ్మ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది, అదే మనిషిని వేరే పేజీలోకి దింపేవాళ్ళు. అందుకని ఒకే భంగిమ కూలీ రెండు మూడు ప్రతుల్లో కనిపిస్తే అది మూడు సాక్ష్యాలు కాదు, ఒక్కటే.

ఇటుకమట్టి:
ఇద్దరికీ థాంక్స్, ఆ చివరి పాయింట్ నాకు అస్సలు తట్టలేదు. మరి కమానులు, గుమ్మటాల సంగతి? వాటికి సెంట్రింగ్ ఎలా వేసేవాళ్ళో బొమ్మల్లో తెలుస్తుందా?

పరంజాబొంగు:
దానికి కట్టడాల దగ్గరికే వెళ్ళాలి. ఇరాన్ మేస్త్రీలు చాలాచోట్ల జిప్సం వాడేవాళ్ళు, అది నిమిషాల్లో గట్టిపడుతుంది. ఇటుకల వరసని వెనక ఉన్న గోడకి కాస్త ఆనించి పేర్చుకుంటూ పోతే కింద కలప సెంట్రింగ్ లేకుండానే వంపు నిలబడుతుంది. ఇక డిజైన్ ఎలా గీసుకునేవాళ్ళు అన్నదానికి ఇరాన్‌లోని తఖ్తే సులేమాన్‌లో దొరికిన జిప్సం పలక చూడండి, 1270ల నాటిది, దాని మీద ముఖర్నస్ (కమానులు, గుమ్మటాల లోపల మెట్లుమెట్లుగా పేర్చే చిన్న గూళ్ళ అలంకరణ) ప్లాను గీసి ఉంది. ఇస్తాంబుల్ తోప్‌కాపి మ్యూజియంలో ఇలాంటి నమూనాలతో పొడవాటి కాగితపు చుట్ట కూడా ఉంది. సైటులో చేతులు ఎలా కదిలాయో బొమ్మ చెబుతుంది, లోపలి లెక్క ఏమిటో ఈ పలక, ఈ చుట్ట చెబుతాయి. రెండూ పక్కపక్కన పెడితే మీ పేపర్ బలంగా ఉంటుంది.

సమర్‌ఖండ్‌దారి:
ఆలస్యంగా చూశాను. మీరు రెండో బొమ్మ ఒకటి తప్పకుండా పెట్టాలి. తైమూర్ చరిత్ర జఫర్‌నామా ప్రతి ఒకటి అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ దగ్గర ఉంది, 1467లో రాసింది, బొమ్మలు తర్వాత చేర్చారు, అవీ బెహ్‌జాద్‌వే అంటారు. అందులో సమర్‌ఖండ్ పెద్ద మసీదు కడుతున్న దృశ్యం రెండు పేజీల్లో పరుచుకుని ఉంటుంది. రాళ్ళు చెక్కేవాళ్ళు, రాయి లాగే ఏనుగు, కర్రలు పట్టుకుని అదిలించే పెత్తందార్లు. ఏనుగు చిత్రకారుడి సరదా కాదు, తైమూర్ 1398లో ఢిల్లీని కొల్లగొట్టి తెచ్చిన 95 ఏనుగులు ఆ పనిలో ఉన్నాయని గ్రంథంలోనే ఉంది.

ఆ కర్రలవాళ్ళ విషయంలో మీకు బయటి సాక్షి కూడా దొరుకుతాడు. స్పెయిన్ రాయబారి క్లావిహో 1404లో సమర్‌ఖండ్‌లోనే ఉన్నాడు. ముఖద్వారం ఎత్తు తక్కువైందని తైమూర్ దాన్ని పడగొట్టించి, మళ్ళీ కట్టే పనికి తనే పల్లకీలో వచ్చి నిలబడి, పునాది గుంటలో ఉన్నవాళ్ళకి వండిన మాంసం ముక్కలు విసిరించేవాడని రాశాడు, పని నచ్చితే నాణేలు కూడా. బొమ్మ వేసినవాడు ఆ రోజుల్ని చూసి ఉండడు, అయినా పని మీద అంత ఒత్తిడి ఉండేదన్న విషయంలో ఇద్దరి మాటా కలుస్తోంది. మీ గైడ్‌కి ముందు ఇది చూపించండి, ఖవర్నక్ తర్వాత.