సొంత ఊళ్లో ఏఏ మీటింగుకు పోవాలా, బస్సెక్కి హైదరాబాద్ పోవాలా?

లెక్కల సారు (నల్లగొండ జిల్లా):
హైస్కూల్లో లెక్కలు చెప్తాను. తాగుడు పన్నెండేళ్లు. పోయిన నెల ఆస్పత్రిలో పదిహేను రోజులు ఉండి మానేసి వచ్చాను. మందులతో పాటు ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుండే గ్రూపు) మీటింగులకు పొమ్మని డాక్టర్ రెండు చిరునామాలు రాసిచ్చారు. ఒకటి మా ఊళ్లోనే, ఒక గదిలో, వారానికి రెండు సాయంత్రాలు. ఇంకోటి హైదరాబాద్‌లో. ఇక్కడ సగం మంది నా దగ్గర చదివినవాళ్లు, లేదంటే వాళ్ల తండ్రులు. లోపల అడుగు పెట్టగానే ఎవరైనా ‘నమస్తే సార్’ అంటారేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జడ్చర్ల చౌరస్తా:
హైదరాబాదే పోండి సార్. ఎవరి పేరూ బయట చెప్పొద్దన్నది వాళ్ల నియమం, కాదనను. కానీ ఆ నియమం గది లోపలి వరకే. బయట టీ కొట్టు ఉంటుంది కదా. మా దగ్గర ఒకాయన చెల్లెలికి సంబంధం వచ్చింది. ‘వాళ్ల అన్న తాగుబోతుల మీటింగుకు పోతాడట’ అనే ముచ్చట పిల్లవాడి ఇంటికి ముందే చేరింది. ఆయన తాగినన్నాళ్లు ఏ సంబంధానికీ అది అడ్డం రాలేదు!

పాలమూరు, ఆరేళ్లు:
జడ్చర్ల అన్నతో ఒప్పుకోను. మొదటి ఎనిమిది నెలలు నేనూ హైదరాబాదే పోయాను. ఆదివారం పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు. ఆదివారం బాగానే గడిచేది. మంగళవారం సాయంత్రం పొలం నుంచి వస్తుంటే బెల్టు షాపు కనపడేది. అప్పుడు హైదరాబాద్ వంద కిలోమీటర్ల అవతల ఉంది.

మా మేనమామ దినాల రోజు ‘పోయినాయన పేరు మీద ఒక్క చుక్క’ అని గ్లాసు చేతిలో పెట్టారు. స్పాన్సర్‌కు ఫోన్ చేశాను (స్పాన్సర్ అంటే మనకంటే ముందు మానేసి మనకు తోడుండే మనిషి). పాపం, ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక గ్లాసు అక్కడే ఉంది. తాగాను.

తర్వాతే మా ఊరి గ్రూపులో చేరాను. ఇప్పుడు దావత్ తప్పదంటే గ్రూపులో ఒకాయన బండి మీద నాతో వస్తాడు. ఇద్దరం తిని తొమ్మిదికల్లా లేస్తాం. తొలిరోజు ఆ గదిలో నాకు మొదట కనిపించింది ఎవరనుకున్నారు? మాకు అప్పిచ్చే సేటు. నా సంగతి చెప్తే ఆయన సంగతీ బయటపడుతుంది కదా, ఇద్దరం భద్రం. పైగా క్లోజ్డ్ మీటింగ్ అయితే మానాలనుకునే తాగుబోతులు తప్ప వేరేవాళ్లు రారు.

నర్సు:
వాదన మధ్యలో ఒక మాట. ఇది చదివి ‘రేపటి నుంచి బంద్, నేరుగా మీటింగుకే’ అనుకోవద్దు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు వణుకు, లేనివి కనిపించడం, మతి తప్పడం, ప్రాణం మీదికి రావడం కూడా జరుగుతుంది. ముందు ఆస్పత్రి. కల్తీ కల్లు అలవాటైనా అంతే, అందులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపామ్ అనే మత్తు మందులు ఆగిపోయినా ఫిట్స్ వస్తాయి. ‘కల్లే కదా’ అని డాక్టరుకు చెప్పరు. చెప్పండి. మీటింగ్ ఎక్కడుందో తెలియకపోతే ప్రభుత్వాస్పత్రి సైకియాట్రీ ఓపీలో అడగండి, లేదా 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

వనపర్తి అక్క:
అందరూ సారు పరువు గురించే మాట్లాడుతున్నారు, ఇంట్లో ఆమెను ఒక్కరూ అడగలేదు. మా ఆయన ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల నుంచి వచ్చిన వారానికి మళ్లీ మొదలు. ఇన్ని రోజులు ఉండగలిగినవాడికి ఆ తర్వాత ఏం రోగమని ఏళ్ల తరబడి తిట్టాను. మాలలో ఉన్నన్నాళ్లు పొద్దునా సాయంత్రం పక్కన పదిమంది స్వాములు ఉంటారు, మాల తీస్తే పాత దోస్తులే మిగులుతారు. అందుకే దగ్గరి గ్రూపే నయమంటాను.

పక్కింటామె మాట విని ఒకసారి ఆయనకు తెలియకుండా కూరలో తాగుడు మాన్పించే మాత్ర కలిపాను. దాని మీద తాగాడు. వాంతులు, గుండె దడ, బీపీ పడిపోయింది. ఎవరూ ఆ పని చేయకండి. ఇంటివాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, తాగే మనిషి రాకపోయినా మనం పోవచ్చు. నేను ఆన్‌లైన్‌లో వింటున్నాను.

దేవరకొండ నాస్తికుడు:
దగ్గరా దూరమా తర్వాత, అసలు గ్రూపే ఎందుకు? తాగుడు మానడానికి ఏఏ చెప్పే ఆ పన్నెండు మెట్లలో మాటమాటకూ దేవుడే. నాలుగు మీటింగులకు పోయి, ఇక పోవడం మానేశాను. మందులు, కౌన్సెలింగ్‌తో తాగుడు మానేసి పదకొండు నెలలైంది.

పాలమూరు, ఆరేళ్లు:
సంతోషం అన్నా, అదే కొనసాగించు. మా గ్రూపులో ఒక నాస్తికుడు ‘నాకు పైశక్తి అంటే ఈ గదిలోని పదకొండు మంది’ అంటాడు. 2020లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను పరిశీలించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష చాలా అధ్యయనాలు కలిపి చూసి, మనిషిని ఏఏతో కలిపే చికిత్స పూర్తిగా మానేయించడంలో మిగతా చికిత్సల కంటే మెరుగని తేల్చింది.

జడ్చర్ల చౌరస్తా:
సరే, మగవాళ్లు బండి మీద తోడు పోతారు. కల్లుకు అలవాటైన ఆడవాళ్లు మా దిక్కు తక్కువేం లేరు. వాళ్లు మీ ఊరి గదికి రాగలరా?

పాలమూరు, ఆరేళ్లు:
మా దాంట్లో ఒక్క ఆడమనిషి లేదు. దీనికి నా దగ్గర జవాబు లేదన్నా.

లెక్కల సారు:
శుక్రవారం ఇక్కడి మీటింగుకే పోయాను. ఒకసారి గేటు దాకా పోయి తిరిగొచ్చి, మళ్లీ పోయాను. రిజిస్టర్ లేదు, ఫీజు లేదు. చివర్లో ఒక సంచి తిప్పారు, ఇష్టమైతే వేయొచ్చు. తెలిసిన ముఖం ఒకటే, మా ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి. ‘మావాడికి లెక్కలు ఎట్లా వస్తున్నాయి సార్’ అన్నాడు, అంతే. ఇంకేం అడగలేదు. జడ్చర్ల అన్న చెప్పిన టీ కొట్టు మాత్రం నిజంగానే గేటు ఎదురుగా ఉంది. అక్కడెవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించుకోలేదు.