అప్‌డేట్: మూడు మారియోలూ ఆడి చూశాం

మా అక్క కొడుక్కి సూపర్ మారియో బ్రదర్స్ వీడియో గేమ్ ఏ వెర్షన్‌తో మొదలుపెట్టించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. దసరా సెలవులకు వాడు నల్గొండ వచ్చాడు, మూడు వెర్షన్లూ ఆడేశాం. సలహాలిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్.

1993లో సూపర్ నింటెండో అనే గేమ్ మెషీన్‌కు వచ్చిన ఆల్-స్టార్స్ వెర్షన్‌లో బొమ్మలు బాగున్నాయి, ఎక్కడిదాకా ఆడామో దాచుకునే సేవ్ ఉంది, కరెంటు పోయినా టెన్షన్ లేదు. కానీ ఇటుక పగిలిన వెంటనే కిందికి రావాల్సిన మారియో ఇంకాస్త పైకి పోతాడు. 1985 నాటి పాత టీవీ గేమ్‌కు అలవాటుపడ్డ నా చేతికి అదొక్కటే చిరాకు. పిల్లోడికైతే తేడానే తెలియలేదు.

1999లో గేమ్ బాయ్ కలర్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్‌కు వచ్చిన డీలక్స్ వెర్షన్‌లో ఎర్ర నాణేలు వెతికే ఛాలెంజ్ వాడికి తెగ నచ్చింది. అయితే పాత గేమ్ తెర వెడల్పు 256 పిక్సెళ్లు, దీనిది 160. బొమ్మల సైజు మాత్రం అదే. సుత్తులు విసిరే శత్రువులు మీదికొచ్చాకే కనబడతారు, ఇంకెక్కడ తప్పించుకుంటాం?

1985 ఒరిజినల్‌లో సేవ్ లేదు. గేమ్ ఓవర్ అయ్యాక ‘ఏ’ నొక్కిపట్టి స్టార్ట్ కొడితే ఆగిన వరల్డ్ మొదటి నుంచి ఆడొచ్చు. నాకు ఇప్పటికీ ఇదే. వాడికి ఆల్-స్టార్స్ ఇచ్చాను. అందులోనే ఉన్న లాస్ట్ లెవల్స్ అనే చాలా కష్టమైన గేమ్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దన్నాను.