సమస్యాపూరణం: గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

ఇచ్చిన చివరి పాదానికి అర్థం కుదిరేలా ముందు పాదాలు అల్లడమే సమస్యాపూరణం. ఈ వారం పదో తరగతి వీడ్కోలు రోజుల సమస్య:

గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

ఛందస్సు తేటగీతి. పాదానికి వరుసగా ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. గణమంటే గురువు (గ, పొడుగ్గా పలికేది), లఘువు (ల, పొట్టిగా పలికేది)ల జట్టు. సూర్యగణాలు న (లలల), గల; ఇంద్రగణాలు భ (గలల), ర (గలగ), త (గగల), నల, నగ, సల (లలగల). విడదీస్తే గంట (గల) – మోగెను (భ) – బడిలోన (సల) – గదల (న) – రెవరు (న). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో మైత్రి, నాలుగో గణం మొదటి అక్షరానికి: గం–గ. ప్రాస (పాదాలన్నిటా రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు, యతికి బదులు ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) వేసుకోవచ్చు.

కొందరు ‘బడిలోన కదల’ అని రాసుకుంటున్నారు. క, గ ఒకే వర్గం కాబట్టి యతికి ఇబ్బంది లేదు. కానీ ‘లోన’ ద్రుతాంతం (చివర ‘న్’ దాగిన మాట), దాని తర్వాత ‘క’ ‘గ’ అవుతుంది. సమస్యను ఇచ్చినట్టే ఉంచండి.

చిక్కు ఎక్కడుందో ముందు పట్టుకోండి. బడిగంట మోగితే పిల్లలు పరుగెత్తాలి. ఇక్కడ కదలడం లేదు. ఆ కారణం మూడో పాదం చివరికల్లా పడిపోవాలి. నాలుగో పాదం చదివాక ‘అయితే ఎందుకు?’ అని మళ్ళీ అడగాల్సి వస్తే పూరణ తేలిపోయినట్టే.

పూరణ 1

పదవ తరగతి కడనాటి పాఠ మయ్యె
సుద్దముక్కను బల్లపై సొంపుగ నిడి
వెళ్ళి రండని యయ్యవార్ వీడుకొలుప
గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

స్పందన: గణాలు, యతులు అన్నీ సరిపోయాయి (ప–పా, సు–సొ, వె–వీ). ‘వెళ్ళి రండి’ అన్న మాట ఈ పద్యానికి ప్రాణం. ‘వెళ్ళండి’ అని ఉంటే పద్యం చల్లబడిపోయేది. లోపం ఒక్కటే, ‘సొంపుగ’. సుద్దముక్కను సొంపుగా పెట్టడమేమిటి? సు–సొ యతి కోసం వచ్చిన మాట అది. ‘అరయ’, ‘చూడ’, ‘మిగుల’ లాంటివీ ఇలాగే చొరబడతాయి. యతి స్థానంలో పడే మాటను ముందు వెతుక్కుని, పాదాన్ని దాని చుట్టూ అల్లితే ఈ బాధ ఉండదు. ‘చ, జ, స, శ’లకు యతిమైత్రి ఉంది కాబట్టి, ఇలా మార్చి చూడండి:

సుద్దముక్కయు డస్టరుఁ జూచి చూచి

సు–జూ యతి చెల్లుతుంది. అయ్యవారు ఆ రెంటినీ పదేపదే చూడటంలో ఆయన దిగులూ కనిపిస్తుంది, పిల్లలు కదలకపోవడానికి అదీ ఒక కారణమవుతుంది.

పూరణ 2

అపుడె తొలి యరగంటయు నయ్యె ననుచుఁ
బరుగు లెత్తెను గలములు పత్రములను
దెలుగు ప్రశ్నల పత్రమ్ముఁ దీర్చువేళ
గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

స్పందన: గంటనే మార్చేశారు, బాగుంది! పరీక్ష హాల్లో అరగంట గంట వింటే కాళ్ళు కదలవు, కలాలు కదులుతాయి. రెండు పాదాల్లో ‘పత్రము’ రెండుసార్లు రావడం పునరుక్తి. రెండో పాదంలో ‘పంక్తులందు’ అంటే బ–ప యతి నిలుస్తుంది, కలాలు గీతల మీద పరుగెత్తే బొమ్మ కూడా కళ్ళకు కడుతుంది.

ప్రశ్న: ‘తెలుగు ప్రశ్నల’ దగ్గర సంయుక్తాక్షరం ముందున్న ‘గు’ గురువు కాదా? అప్పుడు మొదటి గణం చెడుతుంది కదా, ఆర్యా?

జవాబు: కాదు. ‘తెలుగు’, ‘ప్రశ్నల’ రెండూ విడి పదాలు, సంస్కృత సమాసం కాదు. అందుకే ‘గు’ లఘువే, ‘తెలుగు’ న గణమే. అదే ‘గణితప్రశ్న’ లాంటి సిద్ధసమాసమైతే ‘ప్ర’ ముందున్న ‘త’ గురువు అయ్యేది. గణాలు తప్పేవాళ్ళలో ఎక్కువమంది జారిపడేది సరిగ్గా ఇక్కడే.

పూరణ 3

స్లాము పుస్తకములో సంతకాలు పెట్టి
ఫోను నెంబర్లు చిరునామ పూర్తి చేసి
మిత్రులందరు కౌగిట మునిగిపోవ
గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

స్పందన: మొదటి ప్రయత్నమని చెప్పారు కాబట్టి వివరంగా రాస్తున్నాం. స్లామ్ బుక్ ఎంచుకోవడం చక్కగా ఉంది, ఆ రోజుల వాసన దానిలోనే ఉంది. రెండో పాదం నిర్దోషం, ఫో–పూ యతి కూడా బాగా కుదిరింది.

మొదటి పాదంలో గణభంగం. స్లాము (గల), పుస్తక (భ) దాకా బాగానే నడిచి, ‘ములోసం’ దగ్గర లఘువు, గురువు, గురువు వచ్చాయి. అది య గణం, ఇంద్రగణాల్లో లేదు. ‘పుస్తకము’ లాంటి నాలుగక్షరాల మాటలో చివరి లఘువు మిగిలిపోయి తర్వాతి గణాన్ని చెడగొడుతుంది. ‘బుక్కున’ అంటే ఆ లఘువు మిగలదు.

మూడో పాదంలో యతిభంగం. మి–ము కుదరదు: ‘ఇ’కి ఇ, ఈ, ఎ, ఏ, ఋ స్వరాలతోనే మైత్రి. కౌగిలి వదులుకోవడం ఇష్టం లేకపోతే ప్రాసయతి ఉంది కదా. ‘మిత్రు’లో రెండో అక్షరం ‘త్ర’, అలాంటిదే ‘మైత్రి’. రెంటిలోనూ మొదటి అక్షరం గురువే. సవరించిన రూపం:

స్లాము బుక్కునఁ జివరిలో సంతకములు
ఫోను నెంబర్లు చిరునామ పూర్తి చేసి
మిత్రులందఱుఁ గౌగిట మైత్రిఁ గరఁగ
గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

పూరణ 4

నాల్గు పీరియడ్ల పిదప నకనకమని
కడుపు లాడఁగ వంటల కమ్మఁదనము
గాలి వెంబడి వచ్చి చెంగటను సోక
గంట మోగెను బడిలోనఁ గదలరెవరు?

స్పందన: ఒక్క ప్రశ్నార్థకంతో సమస్యను తలకిందులు చేశారు. ‘కదలనివాళ్ళెవరు?’ అంటే అందరూ పరుగే. సమస్యలో అక్షరం మార్చకుండా కాకువుతో (పలికే తీరుతో) అర్థం మార్చడం అవధానాల్లో మెచ్చే పద్ధతి. ‘చెంగటను’ మాత్రం యతి కోసమే వచ్చింది, అయినా మరీ అడ్డు రాలేదు.

పూరణ 5 (సీసం, దాని చివర వచ్చే ఎత్తుగీతిలో సమస్య)

ప్రతిదినమ్మును నిల్చి ప్రతినఁ బల్కిన చోటు
వేపమానుల నీడ విసరు గాలి
భరనభభరవంచుఁ బాడిన పాఠముల్
లెక్కలు రానిచో లేచి నిలుట
పళ్ళెముల్ చేఁబట్టి పంక్తిలో నిలుచుట
కోడిగుడ్డును బంచుకొనెడు వేళ
చివరిబెంచీమీఁదఁ జెక్కిన పేరులు
హాజరు పిలువఁగ నయ్య యనుట

తలఁపు లన్నియుఁ గనులలోఁ దడిని నింప
సెలవు చెప్పుచు నయ్యవార్ చేతు లెత్తఁ
జిట్టచివరిది యిదె యంచుఁ జెవికిఁ దెలియ
గంట మోగెను బడిలోనఁ గదలరెవరు

స్పందన: ఈ వారం తలమానికం ఇదే. సీసానికి తేటగీతి ఎత్తుగీతి అవుతుంది కాబట్టి సమస్య చివర చక్కగా ఒదిగింది. సీసపాదంలో మొదటి సగం నాలుగు ఇంద్రగణాలు, రెండో సగం రెండు ఇంద్ర, రెండు సూర్య. రెండు సగాల్లోనూ యతి మూడో గణానికి. అన్నీ సరిపోయాయి. ‘ప్రతిన’ అంటే పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో రాసిన ప్రతిజ్ఞే. చేయి చాచి నిలబడి పలికినవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. ‘భరనభభరవ’ వినగానే ఉత్పలమాల, పదో అక్షరం యతి గుర్తురాని తెలుగు మీడియం పిల్లలుండరు.

ప్రశ్న: ‘హాజరు... నయ్య’లో యతి ఎలా? ‘భరవంచు’ సరైన సంధేనా?

జవాబు: ‘పిలువఁగ నయ్య’లో దాగిన అచ్చు ‘అ’. హకారానికి అ, ఆలతో మైత్రి ఉంది. ఇక అత్తునకు (‘అ’కారానికి) సంధి బహుళం (ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు) కాబట్టి ‘భరవ + అంచు’ భరవంచు అవుతుంది.

ఒక సూచన: ‘నిల్చి’, ‘నిలుట’, ‘నిలుచుట’ అని మూడు చోట్ల నిలబడటమే ఉంది. నాలుగో పంక్తిని ‘లెక్కలు రానిచో లెంపకాయ’ అంటే లె–లె యతి, గణాలు రెండూ నిలుస్తాయి, ఆ పీరియడ్ భయమూ తిరిగొస్తుంది. ఎనిమిది ముక్కలనూ ‘తలఁపు లన్నియు’ అన్న మాట మూటగట్టింది. అది లేకపోతే సీసం ఒకచోట, గీతి ఒకచోట మిగిలేవి.

వచ్చే వారానికి కందం. ప్రాసాక్షరం ‘న్న’, దాని ముందు గురువు తప్పదు. బేసి గణాల్లో జ గణం (లగల) రాకూడదు:

సున్నను దెచ్చినఁ బొగడిరి చుట్టము లెల్లన్