మెడ నరమా, మోచేతి నరమా? తెలిసినవాళ్లు చెప్పండి

ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా ఆయనకి మెడనొప్పి, ఎడమ చేతి మధ్యవేలి దాకా తిమ్మిరి. ఎంఆర్ఐలో సీ6-సీ7 (మెడలో ఆరు, ఏడో పూసలు) మధ్య డిస్కు ఉబ్బి సీ7 (ఏడో) నరాన్ని నొక్కుతోందని వచ్చింది. మెడలో పూసలు 7 అయినా నరాల జతలు 8 అట. మొదటిది తలకీ మొదటి పూసకీ మధ్య నుంచే వస్తుందని ఫిజియో గారు చెప్పారు. సరే.

ఇప్పుడు చిటికెనవేలు కూడా మొద్దుబారుతోంది. అది సీ8, అంటే ఎనిమిదో నరం దారి కదా? రిపోర్టులో ఆ నరం బయటికొచ్చే చోటు, సీ7 పూస కింది డిస్కు బాగానే ఉంది. సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కీ నొక్కీ అంటారాయన, నేను నమ్మను. మోచేతి లోపలివైపు వెళ్లే అల్నార్ నరం నొక్కుకున్నా ఇలాగే ఉంటుందా? నరాల పరీక్ష చేయించమంటారా? ముందు న్యూరాలజిస్టు దగ్గరికా, ఎముకల డాక్టరు దగ్గరికా? తెలుగులో ఓపిగ్గా చెప్పేవాళ్లుంటే ఇంకా మేలు.