బెంగళూరులో మూడు రోజులు, నలుగురం: రోజుకి 1,600లో కడుపునిండా తినడం ఎలా?

రైలుప్రయాణం_నంద్యాల:
నమస్కారమండీ. వచ్చే నెల మూడు రోజులు బెంగళూరు వస్తున్నాం. మేమిద్దరం, మా అమ్మ (68 ఏళ్లు, శాకాహారం, ఎక్కువసేపు నిలబడలేదు), తొమ్మిదేళ్ల బాబు. లాడ్జి గాంధీనగర్‌లో, మెజెస్టిక్‌కి నడిచిపోయేంత దూరం. తిండికి రోజుకి 1,600 దాటకూడదని అనుకుంటున్నాం. ఒక్కరోజైనా ఆకులో ఆంధ్రా భోజనం, ఒకపూట బిర్యానీ కావాలి. అడగాల్సినవి: దర్శినుల్లో (నిలబడి తినే సెల్ఫ్ సర్వీసు టిఫిన్ హోటళ్లలో) పద్ధతి ఎలా ఉంటుంది? అన్‌లిమిటెడ్ మీల్స్‌లో పిల్లాడికి విడిగా ఆకు తీసుకోవాలా? బిల్లులో అదనంగా ఏమేం కలుపుతారు?

బసవనగుడి_బాబాయ్:
1,600 సరిపోతుంది, మూడు పూటలూ కూర్చుని తినాలనుకుంటే మాత్రం సరిపోదు. ఇక్కడ చాలా హోటళ్లలో ఒకే వంటగది నుంచి వచ్చిన ఇడ్లీకి రెండు మూడు ధరలుంటాయి. కింద నిలబడి తింటే ఒకటి, పైన సర్వీసు హాల్లో కూర్చుంటే ఒకటి, ఏసీ గదిలోకి వెళ్తే ఇంకొకటి. మెట్లెక్కే ముందే ఏ హాలుకి ఏ ధరో అడగండి. ఉదయం, సాయంత్రం దర్శిని, మధ్యాహ్నం మాత్రం కూర్చుని భోజనం అని పెట్టుకుంటే హాయి.

ఇక పద్ధతి. ముందు క్యాష్ కౌంటర్ దగ్గర డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి. దోశకి ఒక కౌంటరు, ఇడ్లీ వడ బాత్‌లకి ఒకటి, కాఫీకి ఇంకొకటి ఉంటాయి. చీటీ ఎక్కడిదక్కడ ఇవ్వాలి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే: కాఫీ చీటీని కూడా ముందే ఇచ్చేస్తారు, టిఫిన్ అయ్యేసరికి కాఫీ చల్లారిపోయి ఉంటుంది. కాఫీ చీటీ జేబులో పెట్టుకుని చివర్లో ఇవ్వండి. రద్దీలో దోశకి పది నిమిషాలైనా పడుతుంది కాబట్టి దోశ చీటీ ముందు ఇచ్చి, ఆ లోపల ఇడ్లీ తినడం మంచి లెక్క.

ఇడ్లీ ఇచ్చేవాడు "డిప్పా, సెపరేటా?" అంటాడు. డిప్ అంటే సాంబారులో ముంచేసి ఇస్తాడు, సెపరేట్ అంటే సాంబారు విడిగా గిన్నెలో. మనవాళ్లకి సెపరేట్ మేలు, ఎందుకంటే ఉడుపి పద్ధతి సాంబారులో బెల్లం పడుతుంది. అది నచ్చకపోతే ప్లేటు మొత్తం పోయినట్టే. సెపరేట్ అయితే చట్నీతో లాగించేయొచ్చు. చట్నీ రెండోసారి అడిగినా మామూలుగా డబ్బు తీసుకోరు.

పేర్లు తెలిస్తే సగం ఖర్చు తగ్గుతుంది. ఖారాబాత్ అంటే కూరగాయలేసిన రవ్వ ఉప్మా. కేసరిబాత్ మన కేసరే. రెండూ ఒకే ప్లేట్లో కావాలంటే చౌచౌబాత్ అనండి. విడివిడిగా రెండు ప్లేట్లు తీసుకుంటే పిల్లాడు సగం వదిలేస్తాడు. చిత్రాన్నం నిమ్మకాయ పులిహోర, పుళియోగరె చింతపండు పులిహోర. సెట్ దోశ మెత్తగా, సాధారణంగా మూడు వస్తాయి, అమ్మగారికి బాగుంటుంది. ఇంకో మాట, కన్నడలో "తిండి" అంటే టిఫిన్. పది గంటలకి "తిండి ఇదె" అని బోర్డు చూసి భోజనమనుకుని వెళ్లకండి. భోజనాన్ని "ఊట" అంటారు.

కాఫీ ఇద్దరికి ఒకటి చాలనుకుంటే "బై టూ" అనండి, ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇస్తారు. ఈ ఊళ్లో అది అలవాటు, పిసినారితనం కింద ఎవరూ లెక్కెయ్యరు.

ధరలు పేటని బట్టి మారతాయి కానీ అంచనాకి: దర్శినిలో రెండిడ్లీలు 40 నుంచి 60, మసాలా దోశ 70 నుంచి 100, కాఫీ 20 నుంచి 30. నలుగురి ఉదయం టిఫిను 400లో అయిపోవాలి. అమ్మగారి కోసం మ్యాప్‌లో హోటల్ ఫొటోలు తెరిచి కుర్చీలున్నాయో లేదో చూసుకోండి. బయట నాలుగు కుర్చీలు వేసే సెల్ఫ్ సర్వీసు హోటళ్లూ చాలా ఉన్నాయి.

ఆకుభోజనం:
నంద్యాల అన్నా, ఆంధ్రా మీల్స్ గురించి నేను చెప్తా. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున గానీ, ఊరంతా శాఖలున్న నందిని గానీ, పద్ధతి ఒకటే: అరిటాకు, పప్పు, పచ్చడి, పొడి, నెయ్యి, కూర, వేపుడు, సాంబారు, రసం, పెరుగు, అప్పడం. ఎంతైనా వడ్డిస్తారు. లెక్క ఆకుకింత. కాబట్టి ఒకే ఆకులో ఇద్దరు తింటామంటే ఒప్పుకోరు. పిల్లాడి సంగతి హోటల్‌ని బట్టి ఉంటుంది. తొమ్మిదేళ్లంటే చాలాచోట్ల పూర్తి ఆకే లెక్కేస్తారు. కూర్చున్నాక కాదు, తలుపు దగ్గర పేరు రాయించేటప్పుడే అడగండి. బాబు తక్కువ తినేవాడైతే వాడికి పెరుగన్నమో, ప్లెయిన్ దోశో విడిగా చెప్పడం చవక. కాకపోతే కొన్నిచోట్ల మధ్యాహ్నం దోశ పెనం వెలగదు, అదీ కనుక్కోండి.

మీల్స్ ధర మిమ్మల్ని ముంచదు. ముంచేది పక్కన చెప్పే చికెన్ వేపుడు. ఆకు వేసిన నిమిషానికి సర్వరు "చిల్లీ చికెనా, రోస్టా, కబాబా?" అని మొదలుపెడతాడు. ఒక్కో ప్లేటు ధర ఒక ఆకు ధరతో పోటీ పడుతుంది. పప్పు, పచ్చడి, రెండు కూరలు ఉన్న ఆకు మీదికి ఇద్దరికి ఒక ప్లేటు ఎక్కువే. ముందు అన్నం రెండు విడతలు తిని, అప్పుడు కావాలంటే చెప్పండి. బిర్యానీ, మీల్స్ ఒకే పూట పెట్టుకోకండి, రెంటిలో ఒకటి పారేస్తారు.

టైము: మామూలు రోజుల్లో 12:15కల్లా లోపల ఉండాలి. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆఫీసు జనం. ఆదివారమైతే నిలబడలేని పెద్దవాళ్లని తీసుకుని అసలు వద్దు. మూడు దాటాక కూరలు అయిపోతాయి, ఉన్నదానితో సర్దేస్తారు, ధర మాత్రం అదే. తర్వాత చాలావరకు రాత్రి ఏడింటిదాకా మూసేస్తారు.

ఖర్చు: శాకాహార ఆకు 250 నుంచి 350 అనుకోండి. ముగ్గురు పెద్దలు, బాబుకి పెరుగన్నం, ఒక చికెన్ ప్లేటు కలిపితే 1,500 దగ్గరికి వచ్చేస్తుంది. అంటే ఆ ఒక్కరోజు మీ బడ్జెట్టు దాటుతుంది. మిగతా రెండు రోజులు మధ్యాహ్నం 100, 130 రూపాయల సాదా ఊట తింటే మూడు రోజుల మొత్తం 4,800లో సర్దుకుంటుంది. రోజు లెక్క వేయకండి, మూడు రోజులకి కలిపి వేసుకోండి.

బిర్యానీకి దొన్నె బిర్యానీ చూడండి. దొన్నె అంటే మన డొప్ప. చిన్న గింజ బియ్యం, కొత్తిమీర పుదీనాతో పచ్చగా, ఘాటుగా ఉంటుంది. హైదరాబాదు బిర్యానీ అనుకుని తింటే నిరాశే. మిలిటరీ హోటళ్లలో (ఇక్కడ మాంసాహార హోటళ్లని అలా అంటారు) దొరుకుతుంది, మధ్యాహ్నం మూడు లోపే అయిపోతుంది. ముక్క అక్కర్లేని వాళ్లు "కుష్కా" అంటే అదే అన్నం ముక్కల్లేకుండా ఇస్తారు, ధర బాగా తగ్గుతుంది. ఒక బిర్యానీ, ఒక కుష్కా తీసుకుని మీ ఇద్దరూ పంచుకోండి. అక్కడే ముద్దె ఊట ఉంటుంది, అది మన రాగి సంగటే, నాటుకోడి సారుతో. నంద్యాల వాళ్లకి దాని గురించి నేను చెప్పేదేముంది! అమ్మగారిని మాత్రం ఆ పూట ఉడుపి హోటల్లో దింపండి, మిలిటరీ హోటల్లో శాకాహారానికి ఏమీ మిగలదు.

బిల్లుచదివేవాడు:
బిల్లు గురించి.

మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతమే. సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5 అని రెండు వరసల్లో కనబడుతుంది. ఏసీ ఉన్నా అంతే. గది అద్దె రోజుకి 7,500 దాటిన పెద్ద హోటళ్ల లోపలి రెస్టారెంట్లలోనే 18 శాతం. కొన్ని చిన్న హోటళ్లు కాంపోజిషన్ పద్ధతిలో ఉంటాయి. వాళ్లు పన్ను తమ జేబులోంచి కట్టాలి, మీ దగ్గర విడిగా వసూలు చేయకూడదు. బిల్లు మీద "కాంపోజిషన్" అని ఉండి, కింద జీఎస్టీ వరస కూడా ఉంటే అడిగి తీయించండి.

సర్వీస్ ఛార్జి వేరు, అది పన్ను కాదు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది: హోటలు దాన్ని తనంతట తాను బిల్లులో కలపకూడదు, మరో పేరుతోనూ వేయకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. దర్శినుల్లో ఈ బెడద లేదు. ఇందిరానగర్, కోరమంగల, చర్చి స్ట్రీట్ వైపు పెద్ద రెస్టారెంట్లలో 5 నుంచి 10 శాతం కనబడొచ్చు. కార్డు గీకకముందే "సర్వీస్ ఛార్జి తీసేయండి" అనండి చాలు. ఒప్పుకోకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

నీళ్ల సీసా సంగతిలో చాలామంది పొరబడతారు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే నేరం అనుకుని గొడవ పడతారు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు ఎక్కువ తీసుకోవచ్చని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గొడవకంటే "రెగ్యులర్ వాటర్" అని అడగడం తేలిక. దర్శినుల్లో అమ్మగారికి "బిసి నీరు" అనండి, వేడినీళ్లు ఇస్తారు.

పార్సెల్‌కి డబ్బాకింత అని విడిగా వేస్తారు. లాడ్జి గదికి యాప్‌లో తెప్పించుకోవడమైతే మానుకోండి. యాప్‌లో వంటకం ధరే చాలాసార్లు హోటలు ధర కంటే ఎక్కువ, ఆ పైన డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, ప్యాకింగు. వంద మీటర్లు నడిస్తే మిగిలే డబ్బు అది.

జొన్నరొట్టె_అక్క:
బాబాయ్ అన్నీ మంచిగనే చెప్పిండు గానీ ఒకటి విడిచిపెట్టిండు: పేరున్న హోటళ్ల సెలవులు. గాంధీ బజార్ల విద్యార్థి భవన్ శుక్రవారం ఉండదు. లాల్‌బాగ్ రోడ్డు ఎమ్‌టీఆర్ సోమవారం ఉండదు. మీ మూడు రోజుల్ల ఈ వారాలు పడుతయేమో చూసుకోండ్రి. శని ఆదివారాలు పొద్దుగాల ఎనిమిదింటికే బయట లైన్ ఉంటది, అమ్మను నిలబెట్టుడు కష్టం. మామూలు రోజు ఏడింటికి పోతే నిమ్మళంగ కూసోవచ్చు.

మెజెస్టిక్ నుంచి గ్రీన్ లైన్ మెట్రోల మూడో స్టేషనే నేషనల్ కాలేజ్. ఆడికెళ్లి గాంధీ బజార్ దగ్గరనే. శంకరమఠం దగ్గరున్న బ్రాహ్మిన్స్ కాఫీ బార్ కూడ అటే, కానీ ఆడ సాంబారే ఉండదు, ఒట్టి చట్నీ. తెలువక అడిగితే మొహం చూస్తరు! ఒక ఏరియాల టిఫిన్, దేవుడు, తోట, భోజనం అన్నీ అయ్యేటట్టు పెట్టుకోండ్రి. ఎనభై రూపాయల దోశ కోసం రెండొందల ఆటో ఎక్కితే అది రెండొందల ఎనభై దోశ.

వీవీ పురం ఫుడ్ స్ట్రీట్ సాయంత్రం మొదలైతది. అది కడుపు నింపుకునే జాగ కాదు. ఒక్కోటి చిన్న ప్లేట్, నలుగురికి నాలుగు తీసుకుంటే హోటల్ భోజనం దాటిపోతది. రెండు మూడు రకాలు ఒక్కొక్కటే తీసుకొని పంచుకోండ్రి. కూసోనీకి జాగ కూడ ఉండదు.

ఆంధ్రా మీల్స్ కాని రోజు మధ్యాహ్నం ఉత్తర కర్ణాటక ఖానావళి (భోజన హోటల్) చూడుండ్రి. జొన్న రొట్టె, ఎణ్ణెగాయి (మన గుత్తివంకాయ లెక్కనే), పల్లీల పొడి, పప్పు, పెరుగు. కారం మన నాలుకకు సరిగ్గ పడుతది. శాకాహారమే ఎక్కువ. రొట్టెలు గట్టివా, మెత్తవా అని అడుగుతరు, అమ్మకు మెత్తవి చెప్పుండ్రి.

రైలుప్రయాణం_నంద్యాల:
అందరికీ చాలా థాంక్సండీ. శుక్రవారం మా రెండో రోజే, కాబట్టి విద్యార్థి భవన్ మొదటిరోజుకి మార్చుకున్నాం. రెండు చిన్న సందేహాలు. ప్రభుత్వం పెట్టిన చవక ఇందిరా క్యాంటీన్లు మాలాంటివాళ్లు వాడుకోవచ్చా? తిరుగు రైలు రాత్రిది, పార్సెల్ ఏం కట్టించుకుంటే పాడవకుండా ఉంటుంది?

బసవనగుడి_బాబాయ్:
ఎవరైనా తినొచ్చు. 2017 ఆగస్టులో మొదలైనప్పుడు టిఫిను 5, భోజనం 10 రూపాయలు పెట్టారు. పూటకి ఇన్ని ప్లేట్లని లెక్క ఉంటుంది, ఆలస్యంగా వెళ్తే అయిపోతుంది. నిలబడి తినడమే. కానీ కూలిపని చేసుకునేవాళ్లకి ఆ ప్లేట్లు అవసరం, బడ్జెట్టు ఉన్నవాళ్లు పక్క దర్శినికి వెళ్తే బాగుంటుంది.

ఆకుభోజనం:
పార్సెల్‌కి పుళియోగరె ఫస్టు, చింతపండు పులుపుకి రాత్రంతా ఆగుతుంది. చపాతీ అయితే కూర పొడిగా ఉండేది అడగండి. ఇడ్లీ కట్టించుకుంటే కారప్పొడి, నూనె పొట్లాలే తీసుకోండి, కొబ్బరి చట్నీ వద్దు. వేడి ఇడ్లీ పక్కన మూత పెట్టిన చట్నీ మూడు నాలుగు గంటల్లో పులిసిపోతుంది. పెరుగన్నం తీసుకుంటే రైలెక్కిన గంటలోపే తినేయండి. అన్నం కట్టాక వెంటనే సంచిలో కుక్కకుండా మూత కాస్త తీసి పది నిమిషాలు ఆవిరి పోనివ్వండి, స్టేషన్‌కి నడిచేలోపు అదీ అయిపోతుంది.