వంపు ఎత్తు మార్చుకునే ఇన్‌సోల్: నిలబడే పనికి ఎంత, ఆటకు ఎంత?

ప్రశ్న:
అరికాలి వంపు కింద వెల్క్రోతో అంటించుకునే మూడు మెత్తలు (3, 5, 7 మి.మీ.) ఉన్న ఇన్‌సోల్ (షూ లోపల పాదం కింద వేసుకునే అట్ట) ఇది. రోజూ 8 గంటలు కౌంటర్ దగ్గర నిలబడే పని, పొద్దున 4 కి.మీ. నడక, వారానికి రెండుసార్లు బ్యాడ్మింటన్. అన్నిటికీ ఒకే మెత్త సరిపోతుందా? 7 పెడితే మడమ షూలోంచి జారుతోంది, వంపు మధ్యలో గులకరాయి తొక్కినట్టుంది.

జవాబు 1:
షూతో వచ్చిన పాత ఇన్‌సోల్ తీశారా? దాని మీదే కొత్తది వేస్తే మడమ పైకి లేచి జారుతుంది. పాతది తీసి, కొలతకు కొత్తదాని మీద పెట్టి గీసి, వేళ్ళ వైపు మాత్రమే కత్తిరించండి.

గులకరాయిలా తగులుతోందంటే మెత్త ముందుకు జరిగి ఉండొచ్చు. బొటనవేలు పైకెత్తితే అరికాల్లో తాడులా బిగిసే పట్టీ తెలుస్తుంది, మెత్త దాన్ని నొక్కకూడదు. ఎత్తైన భాగం చీలమండ లోపలి ఎముకకు కాస్త ముందుగా రావాలి. మెత్తను ఓ 5 మి.మీ. వెనక్కి జరిపి మళ్ళీ నిలబడి చూడండి.

జవాబు 2:
నిలబడే పనికి 5 పెట్టండి, గంటలకొద్దీ బరువు కదలకుండా ఉంటుంది కాబట్టి ఆసరా కావాలి. నడకలో అడుగు పడ్డప్పుడు వంపు కొంచెం కుంగాలి, ఆ కుంగడమే దెబ్బను తీసుకుంటుంది. అందుకని 3 చాలు. బ్యాడ్మింటన్‌కు 3 కూడా వద్దంటాను. పక్కకు దూకేటప్పుడు లోపలి అంచు ఎత్తుగా ఉంటే పాదం బయటికి ఒరిగి చీలమండ మడతపడొచ్చు. ఆట షూని అలాగే ఉంచెయ్యండి. మెత్తల్ని రోజూ పీకి అంటిస్తే వెల్క్రో పట్టు పోతుంది, నడక షూకి ఇంకో జత కొనడం నయం.

మొదటిరోజు గంటే వేసుకోండి, తర్వాత రోజుకో గంట పెంచండి. పాదం బయటి అంచు నొప్పెడితే ఎత్తు ఎక్కువైందని అర్థం.

జవాబు 3:
ముందు మునివేళ్ళ మీద లేచి చూసుకోండి. అప్పుడైనా వంపు కనబడకపోతే ఎత్తు మెత్తలతో నొప్పి పెరగొచ్చు, ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాలి. షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కేవాళ్ళు దయచేసి వీటితో ప్రయోగాలు చెయ్యకండి, ఒత్తిడి తెలియక పుండు పడుతుంది. వాళ్ళు డాక్టరును అడిగి ఎమ్.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పుల్లాంటివి వాడుకోవాలి.

ఇంకోటి, రెండు పాదాలకూ ఒకే ఎత్తు ఉండాలని లేదు. ఎడమకు 3, కుడికి 5 కుదిరితే అలాగే ఉంచండి.